దోమకు మందు లాకుల దగ్గర

ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వస్తోందంటే గోదావరి జిల్లాల్లో మిఠాయి దుకాణాల వాళ్ళు పొద్దు గూకగానే ముందు వరస లైట్లు ఆర్పేస్తారు. లేకపోతే జాంగ్రీల మీద పురుగులు రాలతాయి. భీమవరం, తణుకు, అమలాపురం, రామచంద్రపురం, ఎక్కడ చూసినా ఇదే వరస. పెట్రోలు బంకుల్లో తెల్లారేసరికి చీపురుతో ఎత్తిపోయాల్సినన్ని పురుగులు. బైకు మీద వెళ్ళేవాళ్ళు ఒక చేత్తో హ్యాండిల్, ఒక చెయ్యి కళ్ళకి అడ్డం. దీపావళి వెళితే అవే పోతాయిలే అని సర్దుకుంటాం. వీటిలో చాలా భాగం వరి చేలలోంచి లేచి వచ్చినవే. ఎక్కువగా పచ్చదోమ, దానితో కలిసి గోధుమ రంగు సుడిదోమ, తెల్లమచ్చ దోమ. ఇవి మనుషుల్ని కుట్టే దోమలు కావు, వరి రసం పీల్చే పురుగులు. ఇవి ఏ చేలోంచి లేచాయి, ఎందుకు లేచాయి, రేపు ఎవరి చేలో దిగుతాయి అన్న ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ. మర్నాడు పురుగుమందుల కొట్టు దగ్గర వినిపించేది ఒకటే మాట: ఈసారి ఏ మందు పని చేస్తోంది?

ఈ ప్రశ్న తప్పని అనడం లేదు. సుడిదోమ పట్టి పైరు సుడులుగా ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమని ఏ రైతుకీ చెప్పలేం. కానీ ఈ సుడిదోమ ఎలా కదులుతుందో తెలుసుకుంటే ఆ ప్రశ్న అడగాల్సిన చోటు, అడగాల్సిన మనుషులు కూడా మారతారని మా నమ్మకం.

సుడిదోమలో రెండు రకాల పెద్ద పురుగులుంటాయి. ఒక రకానికి పొట్టి రెక్కలు, ఎగరలేవు. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన అంటుకుని కూర్చుని రసం పీలుస్తూ గుడ్లు పెడుతూ పోవడమే వాటి పని. రెండో రకానికి పొడుగు రెక్కలు. అవి తక్కువ గుడ్లు పెడతాయి, కానీ ఊళ్ళు దాటతాయి. రెండూ ఒకే తల్లి పిల్లలు కావచ్చు. ఏ పిల్లకి ఏ రెక్కలు రావాలన్నది అది పెరిగే చోటును బట్టి తేలుతుంది. దుబ్బు మీద రద్దీ పెరిగినా, పైరు ముదిరినా పొడుగు రెక్కలవి ఎక్కువగా పుడతాయి. చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో దీని వెనకున్న మీటను పట్టుకున్నారు. పురుగు ఒంట్లో ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకాలు రెండున్నాయి, ఒకటి పనిచేస్తే పొడుగు రెక్కలు, రెండోది దాన్ని అణిచిపెడితే పొట్టి రెక్కలు. ముదిరే వరి రసంలో గ్లూకోజు పెరుగుతుందని, అదే పిల్ల పురుగుకి ‘ఇక్కడ తిండి అయిపోవచ్చింది, వెళ్ళాలి’ అన్న కబురని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మనుషులకి షుగరు టెన్షన్ తెచ్చే హార్మోనే దోమకి ప్రయాణం కట్టిస్తోందన్నమాట.

అంటే కథ నాట్ల తర్వాత కొద్ది వారాలకే మొదలవుతుంది. ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన పొడుగు రెక్కల దోమలు కొద్దిగా దిగుతాయి. దుబ్బుకి ఒకటి కూడా ఉండదు కాబట్టి ఎవరి కంటా పడవు. వాటి పిల్లల్లో ఎక్కువ పొట్టి రెక్కలవి. నెలకి కాస్త అటూ ఇటూగా ఒక తరం చొప్పున రెండు మూడు తరాలు గడిచేసరికి చేను చిరుపొట్ట దాటి ఈనిక మీద, అంటే కంకి బయటికొచ్చే దశలో ఉంటుంది. అప్పుడు దుబ్బు మొదలు విడదీసి చూసిన రైతు గుండె జారిపోతుంది. దుబ్బుకి 10-15 ఉంటే మందు అవసరమని శాస్త్రవేత్తలు చెప్పే హద్దు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైరు పసుపు తిరిగి, సుడులుగా ఎండి, పడిపోతుంది. సరిగ్గా ఆ దశలోనే పొడుగు రెక్కల తరం తయారై మునిమాపు వేళ లేచిపోతుంది. స్ప్రేయర్ భుజానికెత్తుకున్న రైతు చాలాసార్లు, వెళ్ళిపోవడానికి సిద్ధమైన వాటి మీద మందు కొడుతుంటాడు.

లేచినవి ఎంత దూరం వెళతాయి? సొంత బలంతో పెద్దగా ఎగరలేవు, గాలి ఎటు మోస్తే అటే. తూర్పు ఆసియాలో ఏటా వేసవిలో వియత్నాం, దక్షిణ చైనాల నుంచి నైరుతి గాలుల మీద కొరియా, జపాన్ దాకా పోతాయి. అక్కడి చలికాలంలో ఇవి బతకవు, ప్రతి ఏడూ కొత్తగా దిగాల్సిందే. 1967 జులైలో జపాన్‌కి దక్షిణంగా దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉన్న వాతావరణ నౌక మీద ఈ దోమలు గుంపుగా వాలాయి. అక్కడి వాళ్ళకి అసలు సంగతి అర్థమైంది అప్పుడే. మన దగ్గర అంత ప్రయాణం అక్కర్లేదు. పక్క మండలంలో ఏదో ఒక వయసు వరి ఎప్పుడూ నిలబడి ఉంటుంది. ఆ ‘ఎప్పుడూ’ దగ్గరే డెల్టా చిక్కంతా ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిసి సుమారు 10 లక్షల ఎకరాల వరి మాగాణి అయ్యాయి. కాలువకి నీళ్ళు వదిలేది ఒకే రోజు కావచ్చు, చేలోకి చేరేది ఒకే రోజు కాదు. ఎగువన నిడదవోలు, పెరవలి, ఆత్రేయపురం వైపు ఊడ్పులు (నాట్లు) అయిపోయి పైరు పచ్చబడుతున్నప్పుడు కాలువల చివరన మొగల్తూరు, కాట్రేనికోన, తాళ్ళరేవు శివార్లలో నారుమడి నీళ్ళ కోసం చూస్తుంటుంది, లేదా మురుగులో మునిగి కుళ్ళిపోయి రెండోసారి పోస్తుంటారు. యనమదుర్రు, కౌశిక లాంటి డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుపోతే వాన నీరు వారాల తరబడి దిగదు. దాంతో ఒకే కాలువ కింద నెలన్నర, రెండు నెలల తేడాతో చేలుంటాయి. ఎగువ చేను గింజ గట్టిపడుతుంటే దిగువ చేను పిలక మీద ఉంటుంది. ఎగువన లేచిన దోమకి దిగువన లేత పైరు సిద్ధం. ఆలస్యమైన సార్వా (వానాకాలం పంట) ఇంకా కోతకి రాకముందే పక్కన దాళ్వా (రెండో పంట) నారుమళ్ళు పోస్తారు, మళ్ళీ అక్కడికి. దోమకి ఏడాదిలో ఆకలి నెల అంటూ లేకుండా చేస్తున్నది మన నీటి క్యాలెండరే.

ఇండోనేషియా ఈ పాఠాన్ని రెండు విడతల్లో నేర్చుకుంది. మొదటిది మందుల పాఠం. ప్రభుత్వమే సబ్సిడీ మీద పురుగుమందులు ఇచ్చి కొట్టించింది, దోమ తగ్గకపోగా విజృంభించింది. కారణం తెలిసిందే: దోమ గుడ్లు వరి ఆకు తొడుగులో భద్రంగా ఉంటాయి, చచ్చేది దోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు. 1986లో ఆ దేశ అధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందులను నిషేధించారు. 1989కల్లా సబ్సిడీ కూడా ఎత్తేశారు. రెండోది బాలీ దీవి పాఠం. అక్కడ వాగు నీటిని శతాబ్దాలుగా సుబక్ అనే రైతు సంఘాలు గుడి ఆవరణలో కూర్చుని పంచుకుంటాయి, ఎవరు ఎప్పుడు నాటాలో అక్కడే ఒప్పుకుంటాయి. 1970లలో హరిత విప్లవం పేరిట ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వెంట వెంటనే నాటండని ప్రభుత్వం చెప్పింది. నీళ్ళు చాలలేదు, పురుగు పెట్రేగింది. చివరికి పాత పద్ధతికే తిరిగి వెళ్ళారు. అక్కడ ఏళ్ళ తరబడి పని చేసిన మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ దీనికి చెప్పిన లెక్క మన డెల్టాకి అచ్చంగా సరిపోతుంది. ఎగువ రైతు చేతిలో నీళ్ళుంటాయి, ఆయన దిగువకి వదలాల్సిన అవసరం పైకి కనిపించదు. అయితే దిగువ రైతు ఆలస్యంగా నాటితే ఆ చేలో పెరిగిన పురుగు ఎగువకీ వస్తుంది. కాబట్టి నీళ్ళు వదలడం ఎగువ రైతుకీ లాభమే. గుళ్ళో దేవుడి మీద భక్తి ఎంత ఉందో గానీ, లెక్క మాత్రం గట్టిది.

మన దగ్గర ఈ లెక్క ఎవరు వేస్తున్నారు? నీళ్ళ తేదీలు జలవనరుల శాఖ చూస్తుంది. దోమ సంగతి వ్యవసాయ శాఖ చూస్తుంది. రెండు శాఖల వాళ్ళూ నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, కానీ అక్కడ నడిచే చర్చంతా సీలేరు జలాశయాల నుంచి ఎన్ని నీళ్ళొస్తాయి, వంతులవారీ ఎప్పటి నుంచి, కాలువలు ఎప్పుడు కట్టేస్తారు అన్నదాని చుట్టూనే. ఏ కాలువ కింద ఊడ్పులు ఎన్ని రోజుల్లో ముగియాలన్నది అజెండాలో ఒక అంశంగా ఉండాలి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలకి పూడిక తీత పనుల బిల్లులకన్నా ముఖ్యమైన పని ఏదైనా ఉంటే అది ఇదే.

గట్టు దాటే జీవిని ఊరంతా కలిసి ఎదుర్కోవడం డెల్టాకి కొత్తేం కాదు. ఎలుకల విషయంలో మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. ఒక రైతు ఒక్కడే మందు పెడితే ఎలుకలు పక్క గట్టుకి పోయి, వారం తిరక్కుండా వెనక్కొస్తాయని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అందుకే సార్వా మొదట్లో ఊరూరా సామూహికంగా నూకల్లో నూనె, బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి ఒకే రోజు కన్నాల్లో పెట్టిస్తున్నారు. అదే రైతు దోమ దగ్గరికొచ్చేసరికి ఒంటరివాడు. ఎలుకకన్నా దోమ ఎన్నో రెట్లు దూరం పోతుంది, అయినా దాన్ని ఎకరాల లెక్కన ఎదుర్కొంటున్నాం.

ఈ ఒంటరితనానికి కౌలు కూడా ఒక కారణం. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో చేలో దిగేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులు. బస్తాల లెక్కన కౌలు ముందే ఖాయమైపోతుంది, పంట పోయినా కొలవాల్సిందే. అలాంటివాడు దుబ్బు విడదీసి దోమల్ని, సాలీళ్ళని లెక్కపెట్టి, ఇంకో వారం ఆగుదాంలే అనుకోలేడు. కొట్టువాడు రెండు మందులు కలిపి కొట్టమంటే కొడతాడు. అందులో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం మందు ఉంటే దోమ తగ్గదు సరికదా పెరుగుతుందని శాస్త్రవేత్తలు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట అప్పులో ఉన్నవాడి దాకా చేరదు. మరోవైపు 2000ల మొదట్లో దోమ పీడ వదిలిందనిపించిన పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్‌ ఆసియా అంతటా కొద్ది ఏళ్ళకే మొద్దుబారింది. మందుకి లొంగని దోమ కూడా ఎగిరే వస్తుంది మరి.

పురుగుల ప్రయాణమంతా రెక్కల మీదే జరగదు. కొబ్బరి తోటల్ని మసి పట్టించిన సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులో కనిపించింది. ఏడాది తిరక్కుండా గోదావరి తీరానికి చేరింది. పెద్ద ఎగరగల పురుగు కాదది, మొక్కల లారీలు దానికి వాహనాలయ్యాయి. నర్సరీల వ్యాపారం డెల్టాకి గర్వకారణం, దాన్ని తప్పుపట్టడం లేదు. లారీ ఎక్కే మొక్క ఆకు తిప్పి చూసే మనిషి ఒకడుంటే చాలంటున్నాం. విచిత్రమేమిటంటే దాని శత్రువైన ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ కూడా దాని వెంటే వచ్చేసింది. అంబాజీపేట పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు రసాయన మందులు కొట్టొద్దని చెప్పింది ఈ కందిరీగ బతకాలనే.

మేలు చేసేవీ ఇలాగే గాలిని పట్టుకుని తిరుగుతాయి. వానలు వెనక్కి పట్టే రోజుల్లో చేల మీద గుంపులుగా తేలే పసుపు తూనీగ ఒక్కో తరం కొంత దూరం చొప్పున హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి వెళ్ళి వస్తుందని మాల్దీవుల్లో దాన్ని గమనించిన చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. తూనీగ పిల్లలు పెరిగేది నిలిచిన నీటిలో, మన వరి మడి కూడా అలాంటి చోటే. నారు దశలో వాడే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్‌ల వల్ల జపాన్‌లో ఎర్ర తూనీగలు తగ్గిపోయాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. మన దగ్గర లెక్కపెట్టేవాళ్ళు లేరు.

మార్టేరు వరి పరిశోధన స్థానం సుడిదోమతో దశాబ్దాలుగా కుస్తీ పడుతోంది. దేశమంతా పండే స్వర్ణ వరి రకం అక్కడిదే, దానికి దోమ బెడద ఎక్కువ. దోమని తట్టుకునే విజేత, ఇంద్ర, అమర లాంటివీ అక్కడివే. రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల చొప్పున కాలిబాటలు తీయడం, మధ్యమధ్య నీరు తీసి ఆరగట్టడం, మందు కొడితే దుబ్బు మొదలు తడిసేలా కొట్టడం రైతుకి తెలియని సంగతులు కావు. ఇవన్నీ చేను లోపలి జాగ్రత్తలు. చేను బయట జరగాల్సిన పనికే యజమాని లేడు.

ఇంకొద్ది రోజుల్లో దాళ్వా నీటి విడుదల మీద సలహా మండళ్ళు సమావేశమవుతాయి. ఆ సమావేశానికి మార్టేరు కీటక శాస్త్రవేత్తని పిలవాలి, చివర్లో రెండు నిమిషాలు మాట్లాడించడానికి కాకుండా తేదీలు ఖాయం చేసేటప్పుడు పక్కన ఉండటానికి. ఒక్కో కాలువ కింద ఊడ్పులు మూడు వారాల్లో ముగిసేలా వంతులు వేయాలి, శివారుకి మొదటి వంతు ఇవ్వాలి. సార్వా కోత పూర్తికాని ఊళ్ళల్లో దాళ్వా నారుమడి ఆపగలిగినచోట ఆపాలి, అందుకు నష్టపోయే రైతుకి విత్తనమో, ఇంకో సాయమో ఆ సమావేశంలోనే తేల్చాలి. రైతు సేవా కేంద్రం దగ్గర ఒక దీపపు ఎర పెట్టి, రోజూ పడిన దోమల లెక్కని ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో కౌలు రైతులతో సహా అందరికీ పంపడానికి పెద్ద ఖర్చేం లేదు. పౌర్ణమి రోజుల్లో ఎరకి తక్కువ పడతాయి, ఆ నాలుగు రోజులూ దోమ పోయిందని ఎవరూ సంబరపడకుండా ఆ మాట కూడా రాయాలి. కాలువలు కట్టేసే వేసవిలో డ్రెయిన్ల గుర్రపుడెక్క తీయించే టెండర్లు నీళ్ళు వచ్చాక తెరిస్తే లాభం లేదు. ఈసారి ఫిబ్రవరిలోనే పిలవాలి.