మామిడి తొక్కతో ఆటో నడుస్తుంది, కానీ తొక్క దొరికేది సీజన్‌లోనే

బీడు భూముల్లో ఇంధన పంట వేసుకోండి, నీళ్లు కూడా అక్కర్లేదు అనే మాట చిత్తూరు వైపు రైతుకు కొత్తదేం కాదు. 2003లో బయోడీజిల్ మిషన్ ప్రతిపాదన వచ్చాక అడవి ఆముదం (జట్రోఫా), కానుగ గింజల నూనెతో డీజిల్ అంటూ ఎంత ఊదరగొట్టారో! 2009 పాలసీలోనైతే 2017కల్లా డీజిల్‌లో ఇది 20 శాతం కలిపేస్తామని రాసుకున్నారు. అడవి ఆముదం నీళ్లు లేకపోయినా బతికే మాట నిజమే, కానీ బతకడం వేరు, కాపు కాయడం వేరు. కాసిన నాలుగు గింజలు కొనే నాథుడూ లేడు.

చెరకు, మొక్కజొన్న లాంటివాటి నుంచి తీసే ఇథనాల్ సంగతి వేరే. పెట్రోల్‌లో 20 శాతం కలపడం 2025లో సాధించేశారు. అందులో మన వాటా ఎంత? చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉన్న కాస్త చెరకూ బెల్లం గానుగలకు పోతోంది. వెయ్యి అడుగుల బోర్లు వేసే చోట ఇథనాల్ కోసం చెరకు పెంచమనడం నా దృష్టిలో దుర్మార్గం. పోనీ మొక్కజొన్న అందామంటే దాణా రేటు ఎక్కుతుంది, ఆ టెన్షన్ పాడి రైతుకూ కోళ్ల ఫారాలకూ. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ను చెనిక్కాయ నూనెతో నడిపి చూపించారట, వినడానికి మనకు గర్వంగానే ఉంటుంది గానీ, ఆ నూనె ఇప్పుడు పోపుకే లెక్క చూసుకుని వాడుతున్నాం.

వెదురు కోసమని శేషాచలం అడవి జోలికి అసలు పోవద్దు. అస్సాంలోని నుమాలీగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీస్తున్నారంటే అక్కడి వానలు అలాంటివి.

మరి మనకేముంది? తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు పారబోసే తొక్క, టెంక. కాయ బరువులో మూడో వంతుకు పైగా ఇదే. తొక్కను మురగబెడితే గ్యాస్ వస్తుంది, దాన్ని శుద్ధి చేసి కంప్రెస్ చేస్తే సీఎన్‌జీ ఆటోల్లో, బస్సుల్లో నేరుగా పోసుకోవచ్చు. చిక్కల్లా సీజన్‌తోనే. రెండు మూడు నెలలు గుట్టలుగా పడి కంపు కొడుతుంది, మిగతా ఏడాదంతా ప్లాంటుకు మేత ఉండదు. అందుకే పాడి ఉన్న పల్లెల దగ్గరే ప్లాంటు పెట్టాలి, ఏడాది పొడుగునా పేడ, సీజన్‌లో దానికి తోడు తొక్క. ప్లాంటు కోసం నేపియర్ అనే పశుగ్రాసం గడ్డి పెంచి ఇవ్వమంటే మళ్లీ బోరు దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి, పేడ చెత్త కాదు, అది రైతు ఎరువు. పేడ తోలుకుపోయే బండి కిరాయి ఎవరిది, గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీ తిరిగి రైతు చేనుకు ఉచితంగా చేరుతుందా లేదా అన్నది ప్లాంటుకు స్థలం ఇవ్వకముందే అగ్రిమెంటులో రాయించుకోవాలి.