30 డిగ్రీలు, 3 విడతలు, 7 రోజులు: మంగలి కత్తి గురించి తిరుగుతున్న ఈ మెసేజ్ నమ్మకండి

మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్చుకుందామనుకునే వాళ్లందరికీ ఈమధ్య ఒకే మెసేజ్ చేరుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: కత్తిని సరిగ్గా 30 డిగ్రీల కోణంలో పట్టుకోండి, వేడినీళ్లతో చర్మరంధ్రాలు తెరవండి, వెంట్రుక పెరిగే వాలుకి ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఎదురుగా ఒకసారి మొత్తం 3 విడతలు గీయండి, ఎదురు గీస్తే గడ్డం దట్టంగా కూడా వస్తుంది, గీసే ముందు ప్రతిసారీ సానరాయి మీద పదును పెట్టండి, ఇలా చేస్తే 7 రోజుల్లో ఎవరికైనా చెయ్యి తిరుగుతుంది. చదవడానికి బాగానే ఉంది. కానీ దీన్ని నమ్మి మొదటివారమే మెడంతా గాట్లు పెట్టుకుని, కత్తి మనవల్ల కాదని పక్కన పడేసినవాళ్లు నాకు తెలుసు, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

ముందు ఆ 30 డిగ్రీల సంగతి. మొదలుపెట్టడానికి అది మంచి లెక్కే, కాదనను. మామూలుగా వాడే కత్తి వెడల్పు దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 30 డిగ్రీల్లో పెడితే కత్తి వెన్ను చర్మానికి 8 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటుంది. చెంప మీద ఇది కుదురుతుంది, ఎందుకంటే చెంప చదునుగా ఉంటుంది. దవడ ఎముక దగ్గరికి వచ్చేసరికి చర్మమే వంపు తిరుగుతుంది కాబట్టి మీ మణికట్టు కదలకపోయినా కోణం మారిపోతుంది. పై పెదవి మీద ముక్కు అడ్డమొస్తుంది. అందుకని అంకె మీద కాకుండా చేతికి తెలిసేదాని మీద ధ్యాస పెట్టండి: వెంట్రుక లాగినట్టు, పీకినట్టు అనిపిస్తే కత్తి మరీ పడుకుందన్నమాట (లేదా పదును తగ్గింది), చర్మాన్ని గోకినట్టు గరగరలాడితే మరీ లేచిందన్నమాట. ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఆ మెసేజ్‌లో అసలు లేనే లేదు. రెండో చేత్తో చర్మాన్ని గీతకు ఎదురు దిక్కుగా బిగబట్టాలి. చర్మం వదులుగా ఉంటే ఏ కోణమూ మిమ్మల్ని కాపాడదు. ఇంకొకటి, కత్తిని అంచు పొడవునా పక్కకి జరపకూడదు, కూరగాయ కోసినట్టు కోసుకుపోతుంది.

వేడినీళ్లతో రంధ్రాలు తెరుచుకుంటాయనేది ఉత్తమాట. తెరుచుకుని మూసుకోవడానికి అవి తలుపులు కావు, వాటికి ఆ పని చేసే కండరమే లేదు. నీళ్ల వల్ల మేలు జరిగేది వెంట్రుకకి: రెండు మూడు నిమిషాలు తడిస్తే నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, తేలిగ్గా తెగుతుంది. గోరువెచ్చటి నీళ్లు ఆ పని కాస్త త్వరగా చేస్తాయి, అంతే. మరిగే నీళ్లతో మొహం కాల్చుకోనక్కర్లేదు, చన్నీళ్లతో హాయిగా గీసుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక ఎక్కువ హాని చేసేది 3 విడతల నియమం. మొహమంతా వెంట్రుకలు ఒకే వాలులో ఉంటే కదా మొహమంతటికీ ఒకే సూత్రం పనికొచ్చేది! రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి, ఒక కాగితం మీద మీ మొహం గీతగీసి, వేలితో నాలుగు వైపులా నిమిరి చూడండి. నున్నగా జారితే అది వాలు, గరుగ్గా తగిలితే ఎదురు. బాణం గుర్తులు వేసుకుంటూ పోండి. నేనలా వేసుకున్నప్పుడే తెలిసింది, నా కుడి మెడ మీద వెంట్రుకలు కిందికి వాలితే, ఎడమవైపు గొంతు పక్కన రూపాయి బిళ్లంత చోటులో సుడి తిరిగి చెవి వైపు పైకి పోతున్నాయి. అంటే అన్ని నెలలుగా వాలు విడత అనుకుని నేను కిందికి గీస్తున్నదంతా ఆ చోట ఎదురుగీతే. ప్రతిసారీ అక్కడే ఎందుకు మంటపుడుతోందో, అక్కడే ఎందుకు ఎర్రటి పొక్కులు వస్తున్నాయో ఆ కాగితం చూశాక అర్థమైంది. ముఖ్యంగా ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లు ఎదురు గీస్తే వెంట్రుక చర్మం కిందికంటా తెగుతుంది, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలికే గుచ్చుకుంటుంది. రేజర్ బంప్స్ అనేవి అవే. అలాంటి చర్మానికి ఒక్క వాలు విడత చాలు. కొందరికి రెండు సరిపోతాయి. మూడు పడే చర్మం ఉన్నవాళ్లు మూడూ గీసుకోవచ్చు, కానీ అది అందరికీ పెట్టాల్సిన నియమం కాదు.

గీస్తే దట్టంగా పెరుగుతుందన్న మాటకి ఎక్కువసేపు అక్కర్లేదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త కొంతమంది మగవాళ్ల గడ్డం వెంట్రుకలు కొలిచి, గీయడం వల్ల మందం గానీ పెరిగే వేగం గానీ మారట్లేదని చూపించింది. సన్నటి కొన తెగిపోయి మొద్దు కొన మిగులుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది.

సానరాయి విషయంలో మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే దీనివల్ల మంచి కత్తులు పాడైపోతున్నాయి. రాయి లోహాన్ని అరగదీస్తుంది. రోజూ రాస్తే కత్తి అరిగిపోవడం ఖాయం, పైగా చెయ్యి కుదరని కొత్తవాళ్లు రాసే రాతకి ఉన్న పదును కూడా పోతుంది. రోజూ కావలసింది తోలు పట్టీ, అంటే అంచు సరిచేయడానికి కత్తిని ఆడించే తోలు ముక్క. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం పరిశోధకులు మామూలు రేజర్ బ్లేడ్లను మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు: వెంట్రుక ఉక్కుకన్నా దాదాపు 50 రెట్లు మెత్తనిదైనా, వంగి ఒక వాటంలో తగిలినప్పుడు అంచు నుంచి సన్నటి పెచ్చులు లేస్తున్నాయట. అంటే ప్రతి గీతా అంచును ఎంతో కొంత దెబ్బతీస్తుంది. మంగలి కత్తితో ఉన్న సుఖం ఏంటంటే ఆ అంచును మనం రోజూ సరిచేసుకోవచ్చు. నేను గుడ్డ పట్టీ మీద రానూపోనూ 20 సార్లు, తోలు మీద 40 సార్లు ఆడిస్తాను. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది, ఈ తేడా మరిస్తే పట్టీ తెగుతుంది. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. మొదట్లో నేను వేగంగా ఆడించాలన్న తొందరలో వెన్ను కాస్త పైకి లేపేవాణ్ణి, పది రోజుల్లో అంచు గుండ్రబడి గడ్డం పీకడం మొదలైంది. మళ్లీ రాయి మీదికి వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు నెమ్మదిగా, వెన్నూ అంచూ రెండూ తోలుకి ఆనించి ఆడిస్తాను, మూడు నాలుగు నెలలకోసారి మాత్రమే 12000 గ్రిట్ రాయి (చాలా నున్నటి సానరాయి) తీస్తాను.

7 రోజులా? నాకు రెండు నెలలు పట్టింది. మొదటి రెండు వారాలు చెంపలు మాత్రమే కత్తితో, మిగతాది పాత రేజర్‌తో. తర్వాత దవడ, ఆ తర్వాత మెడ, చివరికి పై పెదవి, గడ్డం మొన. ఆఫీసుకి టైమవుతున్న రోజున కత్తి ముట్టుకోను. మీకు నెలలోనే రావచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి.

ఆ మెసేజ్ చెప్పనివి ఇంకో రెండు. ఒకరి కత్తి ఇంకొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే, హెపటైటిస్ బి, సి లాంటివి కంటికి కనపడని రక్తపు మరక నుంచి కూడా అంటుకుంటాయి. రెండోది, గీయడం అయ్యాక పటిక రాసుకుని ఆ మంట తగ్గేలోపే కత్తి తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, తడి బాత్‌రూమ్‌లో వదిలేస్తే కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో తుప్పు చుక్కలు పట్టేస్తుంది.

నా ఎడమ మెడ మీది సుడి దగ్గర ఇప్పటికీ ఒక్క విడతే, కింది నుంచి చెవి వైపు పైకి. అక్కడ కాస్త గరుగ్గా మిగులుతుంది. మిగలనిస్తాను. పొక్కులు రావడం మాత్రం ఆగిపోయింది.