జలాశ్వకు వారసులెక్కడ?

విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళంలో పనిచేస్తున్న, సైనిక దళాలను తీరానికి చేర్చే నౌక ఐఎన్‌ఎస్ జలాశ్వ 1968లో అమెరికాలోని సియాటిల్‌లో జలప్రవేశం చేసింది. 1971 నుంచి యూఎస్‌ఎస్ ట్రెంటన్ పేరుతో అమెరికాకు సేవలందించింది. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషులోని అమెరికా రాయబార కార్యాలయంలో చిక్కుకున్నవారిని తరలించిన హెలికాప్టర్లు ముందుగా లేచింది దీని డెక్ మీది నుంచే. 2004 సునామీ సహాయక చర్యల్లో పెద్ద రవాణా నౌక లేని లోటు మన నౌకాదళానికి తెలిసివచ్చింది. 2007లో ఈ నౌకను దాదాపు 4.84 కోట్ల డాలర్లకు కొన్నారు.

ఆ ధరకు అంత నౌక కొత్తది దొరకదు. కానీ పాత నౌకకు అసలు ఖర్చు కొన్న తర్వాతే మొదలవుతుంది. జలాశ్వ వెనుక భాగంలో పడవలను ఉంచే వెల్ డెక్ ఉంటుంది. బల్లాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీరు ఎక్కించి నౌక వెనుక భాగాన్ని దించితే నీరు లోపలికి వస్తుంది, దళాలను మోసే పడవలు తేలుతూ బయటికి వెళ్తాయి. పని అయ్యాక ఆ నీటిని తోడేయాలి. ఒకసారి తడిసి మరోసారి ఆరే ఆ ట్యాంకుల్లో ఉప్పు, గాలి కలిసి ఉక్కును తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతున్నా లోపలి ప్లేటు పలచబడుతుంది. అల్ట్రాసోనిక్ పరికరంతో మందం కొలవకుండా ఆ సంగతి తేలదు. ప్లేటు మందంలో పావు వంతు పోయిందంటే దాన్ని కోసి కొత్తది అతకక తప్పదు.

ఇక ఈ నౌకను నడిపే ఆవిరి యంత్రాలు. వాడిన ఆవిరిని సముద్రపు నీటితో చల్లార్చి మళ్లీ నీరుగా మార్చేది కండెన్సర్. కండెన్సర్‌లో ఒక్క గొట్టం చిల్లుపడినా సముద్రపు నీరు బాయిలర్ నీటిలో కలుస్తుంది. క్లోరైడు చేరి గొట్టాల్లో గుంటలు పడతాయి. అందుకే ఆ నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించాలి. చిల్లుపడిన గొట్టాన్ని గుర్తించి రెండువైపులా మూసేయాలి. ఈ పని తెలిసిన చేతులు ఏటా తగ్గుతున్నాయి. ఆవిరితో నడిచే యుద్ధనౌకలను ప్రపంచమంతా వదిలేస్తోంది.

2008 ఫిబ్రవరిలో ఇదే నౌకలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు నావికులు బలయ్యారు. నిల్వ ఉన్న మురుగునీటిలో పుట్టగల ఈ వాయువు గాలికన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది కాబట్టి ముక్కును నమ్మకూడదు. మూసి ఉన్న గదిలోకి దిగేముందు గాలి ఆడించాలి, ఆక్సిజన్‌నూ విషవాయువునూ మీటరుతో కొలవాలి, బయట శ్వాస పరికరంతో ఒకరు సిద్ధంగా ఉండాలి. పడిపోయినవారిని చూసి పరికరం లేకుండా దూకినవారే తరచూ తదుపరి మృతులవుతారు. ఎంత పాత నౌకైనా ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.

నౌక భౌతిక స్థితిని సరిగ్గా అంచనా వేయకుండానే తొందరపడి కొన్నారని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2008లోనే తప్పుపట్టింది. ఆ విమర్శ సబబే. అయినా జలాశ్వ తన కూడు తాను సంపాదించుకుంది: 2020 మేలో మాల్దీవుల నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది. ఇలాంటి నౌకలు నాలుగింటిని దేశంలోనే కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి టెండర్ల చుట్టూ తిరుగుతుండటం మాత్రం క్షమించరానిది. రక్షణశాఖ ముందుగా జలాశ్వ ట్యాంకుల మందం కొలతలు, బాయిలర్ల మిగిలిన ఆయుష్షు పార్లమెంటరీ స్థాయీసంఘం ముందుంచాలి. విరమణ సంవత్సరం ప్రకటించి, దానికి కనీసం ఐదారేళ్ల ముందే తొలి నౌకకు ఆర్డర్ ఇవ్వాలి.