సైరన్ మోగింది, కొండ ఎక్కడ?

మా బావగారికి దేశాల లెక్క పిచ్చి. ఎవరూ వెళ్లని చోటికి వెళ్లొచ్చి, పెళ్లిళ్లలో పక్క సీటువాళ్లని కూర్చోబెట్టి చెప్పాలి. అలా పసిఫిక్ మహాసముద్రంలోని బుల్లి దేశం టువాలు మీద పడ్డారు. తొమ్మిది దీవులూ కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. తోడుకి నన్ను లాక్కెళ్లారు.

ఫిజీ దాకా బాగానే ఉంది. అక్కణ్నుంచి రాజధాని ఫునాఫుటికి వెళ్లేది చిన్న ఏటీఆర్ విమానం, అదీ వారంలో కొన్ని రోజులే. బరువు ఎక్కువైందని బావగారి సూట్‌కేసు దించేశారు. "తరవాతి విమానంలో వస్తుంది" అన్నారు. సాయంత్రానికి అనుకున్నారాయన, పాపం.

ఇంకో చిక్కు. ఎక్కడికెళ్లినా కార్డు గీకేసే మనిషాయన. ఆ దేశానికి తొలి ఏటీఎంలు వచ్చింది 2025లో, మేం వెళ్లింది అంతకు ముందు. అక్కడ చెల్లే ఆస్ట్రేలియా డాలర్ల నోట్లు నా జేబులో ఉన్నాయి. మా అక్కని చేసుకున్నాక మొదటిసారి బావగారు నన్ను డబ్బులడిగారు. ఆ సుఖం గురించి వేరే వ్యాసం రాయాలి. ఆ డబ్బుతో మందార పూల సులు ఒకటి కొనుక్కున్నారు. సులు అంటే మన లుంగీయే, కాకపోతే ఆయనకి లుంగీ కట్టు ఎప్పుడూ నిలవదు.

బైకు అద్దెకు తీసుకున్నాం. దారి తప్పుదామన్నా కుదరదు, ఇటు మహాసముద్రం, అటు లగూన్ అనే ఉప్పునీటి సరస్సు. అయినా బావగారు వెనక కూర్చుని ఫోన్లో మ్యాప్ చూస్తూనే ఉన్నారు.

అక్కడి రన్‌వే 1943లో అమెరికావాళ్లు యుద్ధం కోసం వేసింది. విమానం లేనప్పుడు అదే ఊరి ఆటస్థలం, ఉక్కబోసిన రాత్రుళ్లు చాపలు పరుచుకునేదీ అక్కడే. మర్నాడు దాని మధ్యలో నిలబడి బావగారు సెల్ఫీ తీసుకుంటుండగా సైరన్ మోగింది.

"సునామీరా! కొండెక్కడ?" అంటూ పరుగు. ఆ దేశంలో ఎత్తైన చోటు కూడా అయిదు మీటర్లు దాటదు. సగం దూరంలో సులు జారింది. ఒక చేత్తో దాన్ని, రెండో చేత్తో ఫోన్‌ని పట్టుకుని ఒక పెద్దావిడ వాకిట్లో ఆగి రొప్పుతున్నారు. ఆవిడ తొణక్కుండా ఆకాశం చూపించి "విమానం" అంది. ఈలోగా పిల్లలు బంతి పట్టుకుని పక్కకొచ్చేశారు, ఫైరింజన్ కుక్కల్ని తోలుతోంది.

విమానం దిగింది. బావగారు సులు బిగించి లగేజీ దగ్గరికి పరిగెత్తారు. అందరి పెట్టెలూ వచ్చాయి.

"తరవాతి విమానంలో..." అంటున్న ఉద్యోగిని మాట మధ్యలోనే అందుకుని, "తరవాతి విమానంలో మేం వెళ్లిపోతున్నాం తల్లీ!" అన్నారు.

ఆ అమ్మాయి రిజిస్టర్ చూసి చల్లగా చెప్పింది. "మంచిదే కదండీ, మీరు ఎక్కేటప్పుడు అది దిగుతుంది."