మహారాజశ్రీ మడత మ్యాప్ గారి సముఖమునకు

గౌరవనీయులైన మడత మ్యాప్ గారికి, హైదరాబాద్ నుంచి మీ అభిమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమో కాదో తెలీదు, అసలు తమరెక్కడ ఉన్నారో తెలీకే ఈ లెటర్.

నిన్న తమ దర్శనం కోసం హాఫ్ డే లీవ్ పెట్టి లైబ్రరీకి వచ్చానండీ. బ్యాగ్ కౌంటర్లో పెట్టా, ఆధార్ జిరాక్స్ ఇచ్చా, రిజిస్టర్లో తండ్రి పేరు కూడా రాశా (1894లో అచ్చయిన పుస్తకం చూడ్డానికి మా నాన్నతో ఏం పనో). గంటన్నర కూర్చోబెట్టాక బీరువాలోంచి మార్టిన్ కాన్వే అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు రాసిన కారకోరం పర్వతాల పుస్తకం వచ్చింది. టైటిల్ పేజీ మీద ఎంత గొప్పగా వేసుకున్నారో, ఎ.డి. మెకార్మిక్ గీసిన మూడొందల బొమ్మలతో, ఒక మ్యాప్‌తో అని. బొమ్మలున్నాయి. ఆ ‘ఒక’ లేదు. తమరు ఉండాల్సిన చోట బైండింగ్‌కి అతుక్కుని అర అంగుళం కాగితం పీలిక నిలబడి ఉంది, అంచు ఎంత నున్నగా ఉందంటే ఎవరో మహానుభావుడు స్కేలు పెట్టి మరీ బ్లేడుతో కోసినట్టుంది.

"అన్నా, ఇందులో మ్యాప్ ఉండాలి కదా" అన్నాను.

"ఉన్నకాడికి గంతే సార్" అన్నాడు పుస్తకం తెచ్చినాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

అసలు ఇంతదాకా రావాల్సిన పనే లేదు. ఆరు నెలల కిందటే ఆన్‌లైన్లో ఈ పుస్తకం స్కాన్ ఫ్రీగా దొరికింది, పండగ చేసుకున్నాను, నేరుగా తమరి పేజీకే వెళ్ళా. అక్కడ తమరు మడతపెట్టుకుని పడుకుని ఉన్నారు. వీపు మాత్రం కనపడుతోంది, కాగితంలోంచి తిరగబడ్డ అక్షరాలు లీలగా, పక్కన గులాబీ రంగు తొడుగు వేసుకున్న ఎవరిదో బొటనవేలు. ఆ వేలికి ఏం పని చెప్పారండీ? పేజీ నొక్కి పట్టుకోవడం. మడత విప్పడం దాని జాబ్ డిస్క్రిప్షన్లో లేదు కాబోలు. ఇంకో లైబ్రరీ కాపీ స్కాన్ చూశా, అక్కడా మడతే. మూడో దాంట్లో సగం విప్పారు, విప్పి సరిగ్గా నాకు కావాల్సిన చోటికి రాగానే ఫోటో కొట్టి మళ్ళీ మూసేశారు, అది చూసిన రోజు రాత్రి అన్నం సయించలేదు అంటే మా ఇంట్లో వాళ్ళు నవ్వారు.

ఏంటి మ్యాప్ గారూ ఈ ముసుగు? 1865లో నైన్ సింగ్ బ్రిటిష్ సర్వే వాళ్ళ కోసం, బయటివాళ్ళని రానివ్వని టిబెట్లోకి దొంగచాటుగా, కాట్మాండు నుంచి లాసాకి బయల్దేరి, 108 పూసలుండాల్సిన జపమాలలో నూరే పెట్టుకుని, నూరు అంగలకో పూస జరుపుకుంటూ దారంతా కొలిచాడు. ఆ లెక్కలు ప్రార్థన చక్రంలో దాచాడంటే అర్థం ఉంది, దొరికితే ప్రాణం పోయేది. తమరు ఎవరి నుంచి దాక్కుంటున్నారు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నా నుంచా?

నాకు కావల్సింది ఎంతని, రెండంగుళాల జాగా. 1892లో కాన్వే హిస్పర్ హిమానీనదం మీదుగా ఎక్కి, కనుమ దాటి, బియాఫో అనే ఇంకో హిమానీనదం మీదుగా దిగాడు, రెండూ కలిపి వంద కిలోమీటర్ల పైనే మంచు. ఆ పైన కనుమ దగ్గర నిలబడి చూస్తే కింద తెల్లటి మైదానం, దానికి స్నో లేక్ అని పేరు పెట్టి, మూడొందల చదరపు మైళ్ళుంటుందని అంచనా కట్టాడు. నిజానికి అందులో పదోవంతు ఉంటుంది. మనిషి ప్లేన్ టేబుల్ (నిలబడ్డ చోటే మ్యాప్ గీసుకునే సర్వే బల్ల) మోయించుకుని సర్వే చేసుకుంటూ వెళ్ళినవాడు, గాలి కబుర్లు చెప్పే రకం కాదు, మరి ఆ మూడొందల మైళ్ళని కాగితం మీద ఎలా పట్టించాడు, గీతలు మూసేశాడా, చుట్టూ తెల్లగా వదిలేశాడా, చుక్కలు పెట్టి తప్పించుకున్నాడా, ఇదొక్కటే చూడాలని నా కోరిక. అది సరిగ్గా మడత మీద పడింది.

బొమ్మలు చూసుకోవచ్చుగా అంటారు తమరు. చూశానండీ. సగం బొమ్మల్లో మనుషులు చీమల్లా ఉంటారు. ఆ కాలం పుస్తకాల్లో మంచి ప్లేట్ల ముందు ఉల్లిపొర కాగితం ఉంటుంది కదా, స్కాన్ చేసేవాళ్ళు దాన్ని కూడా తీయరు, ఆల్ప్స్ మొత్తం పొగమంచులోంచి చూసినట్టే. ఆల్ప్స్ ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ స్వయంగా చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు కాబట్టి, 1862లో అక్కడి మాటర్‌హార్న్ శిఖరం మీంచి తను దొర్లుకుంటూ పడిపోవడం కూడా 1871 పుస్తకంలో బొమ్మగా వేసుకున్నాడు, దాదాపు రెండొందల అడుగులు పడ్డవాడు ఆ పోజు ఎలా గుర్తుపెట్టుకున్నాడో. ఇక పేర్లు. కాన్వే కారకోరంలోని బల్తోరో హిమానీనదం దగ్గర ఒక శిఖరం వెడల్పుగా ఉందని బ్రాడ్ పీక్ అన్నాడు, ఇంకోటి దాక్కుందని హిడెన్ పీక్ అన్నాడు, మా ఊళ్ళో పెద్ద చెరువు, ఊర చెరువు అని పెట్టుకున్నట్టు. ఇంతోటి దానికి ఆయనకి 1895లో సర్ బిరుదు కూడా వచ్చింది. సామాన్లు మోసిన కూలీల పేర్లు మాత్రం వెతుక్కోవాలి.

అవన్నీ వదిలేయండి. నా బాధ మడతే. మా అమ్మ బీరువాలో పట్టుచీరలు ఆర్నెల్లకోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టేది, ఒకే మడత మీద ఉంటే అక్కడే జరీ విరిగి చీర చీలిపోతుందని. ఇంత చిన్న విషయం నూట ముప్పై ఏళ్ళలో ఒక్క లైబ్రేరియన్‌కి తట్టలేదా? తట్టదు. విప్పితే చిరుగుతావు, విప్పకపోతే కనపడవు, చివరికి ఎవడో బ్లేడు పట్టుకొచ్చినప్పుడు మాత్రం ఠక్కున ఊడొచ్చేస్తావు. వాడికి మాత్రం మడత అడ్డం రాలేదే! ఇప్పుడు ఏ డ్రాయింగ్ రూంలోనో సోఫా పైన గాజు ఫ్రేములో నిటారుగా, ముడత లేకుండా, ఇంటీరియర్ డిజైనర్ ఎంచుకున్న లైటు కింద వెలుగుతుంటావు, వచ్చిన చుట్టాలు "ఇదెక్కడ, కాశ్మీరా" అని అడిగి పకోడీ తింటుంటారు. సిగ్గుండాలి నీకు.

సారీ. నువ్వు అనేశాను, ఇక అలాగే కానీ.

నిన్న పుస్తకం తిరిగి ఇచ్చేయబోతూ ఆ పీలిక ఎదురుగా ఉన్న పేజీ చూశాను. లేత గోధుమ రంగులో పలకంత మరక. నువ్వు మడతపెట్టుకుని ఏళ్ళ తరబడి ఒరిగిన చోటు. దాంట్లో ఏటవాలుగా ఒక సన్నటి గీత కూడా ఉంది, ఫోన్లో ఫోటో తీసి, అద్దంలోలా తిప్పి, పెద్దది చేసి చూశాను, బియాఫో హిమానీనదమో చెదపురుగు నడిచిన దారో అర్థం కాలేదు. పైన ఒకచోట కొంచెం ఉబ్బినట్టుంది. స్నో లేక్ అనుకుందామని చాలా ట్రై చేశాను. అన్న వచ్చి టైమైంది సార్ అన్నాడు.

నువ్వెవరి గోడ మీద ఉన్నా సరే, ఆ ఇంట్లో చిన్నపిల్లాడో ఎవరో ఉంటారు కదా, వాళ్ళతో ఒక ఫోటో తీయించి పెట్టు. ఎదురుగా నిలబడి తీయమను, గాజు మీద ట్యూబ్‌లైట్ పడకుండా. స్నో లేక్ ఉన్న ఆ రెండంగుళాలు చాలు.

ఇట్లు,
నీ మడతల బాధితుడు