వాయుమేఘం నుంచి నక్షత్రం పుట్టదన్న వాదన నిలవదు

వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతున్న ఒక సందేశం నక్షత్రాల పుట్టుక గురించి మూడు అభ్యంతరాలు లేవనెత్తింది. అగరొత్తి పొగ గదంతా వ్యాపిస్తుందే గాని ముద్దకట్టదు కాబట్టి, అంతరిక్షంలోని వాయువు కూడా నక్షత్రంగా మారజాలదన్నది మొదటిది. నక్షత్రం పుట్టడం ఎవరూ చూడలేదన్నది రెండవది. పుట్టుక నిజమే అయితే వాయువంతా ఈపాటికి అయిపోయి ఉండాలన్నది మూడవది. చదువుకునే పిల్లలు కూడా దీన్ని నమ్మి పంచుకుంటున్నారు గనుక జవాబు చెప్పక తప్పదు.

గదిలోని పొగకు తనను తాను లోపలికి లాక్కొనేంత ద్రవ్యరాశి లేదు. నక్షత్రాలు పుట్టే పెద్ద మేఘంలో లక్షల సూర్యులకు సరిపడా ద్రవ్యరాశి ఉంటుంది. వాయువులోని వేడి బయటికి నెడుతుంటే గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది. ఏ ఉష్ణోగ్రత, ఏ సాంద్రత వద్ద ఎంత ద్రవ్యరాశి దాటితే గురుత్వాకర్షణది పైచేయి అవుతుందో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ జీన్స్ 1902లోనే లెక్కకట్టాడు. వేడిగా, పలచగా ఉన్న వాయువు కుంచించుకుపోదన్నంత వరకు నాకు పేచీ లేదు. కానీ ఈ మేఘాల లోపల ఉండేది 10 నుంచి 20 కెల్విన్‌లు, అంటే సుమారు మైనస్ 260 డిగ్రీల సెల్సియస్. కుంచించుకునే కొద్దీ పుట్టే వేడిని కార్బన్ మోనాక్సైడ్ అణువులు, ధూళి రేణువులు రేడియో, పరారుణ తరంగాల రూపంలో వెలుపలికి పంపివేస్తాయి కాబట్టే కుదింపు ఆగకుండా సాగుతుంది. సందేశం ఈ చల్లబడే మార్గం ఊసే ఎత్తలేదు.

ఒక నక్షత్రం రూపుదిద్దుకోవడానికి లక్షల ఏళ్లు పడుతుంది గనుక ఒక్కదాన్నే మొదటి నుంచి చివరి దాకా చూడడం ఎవరికీ సాధ్యం కాదు. వేర్వేరు దశల్లో ఉన్న వాటిని చూడవచ్చు. పేరుకు మేఘమే అయినా, 1.6 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని పెద్ద మెగలానిక్ మేఘం మన పొరుగు గెలాక్సీ. అక్కడ ఒక శిశు నక్షత్రం చుట్టూ తిరుగుతున్న వాయు చక్రాన్ని చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల సాయంతో గుర్తించినట్లు 2023లో వెల్లడైంది. చక్రంలో ఒక పక్క వాయువు మనవైపు వస్తోంది, రెండో పక్కది దూరమవుతోంది. తరంగాల పొడవులో తేడా ఆ తిరుగుడును పట్టించింది. అదే గెలాక్సీలోని టరాంటులా నెబ్యులా అనే వాయుమేఘం నడుమ సూర్యుడి కన్నా వంద రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రాలున్నాయి. అంతటివి 30 లక్షల ఏళ్లకే ఇంధనం ముగించుకుంటాయి. అవి నేటికీ వెలుగుతున్నాయంటే, నిన్నమొన్న పుట్టినవేనన్నమాట.

ఇక మూడవది. సుమారు 60 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 300 గెలాక్సీపై 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం, అక్కడి మేఘం దాదాపు కోటి ఏళ్లు మాత్రమే బతుకుతుంది, అందులో నక్షత్రాలయ్యేది 2 నుంచి 3 శాతమే. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల వెలుగు, వాటి నుంచి వీచే గాలులు మిగతా వాయువును చెదరగొడతాయి. చెదిరిన వాయువు గెలాక్సీలో కలిసి, మళ్లీ ఎక్కడో చల్లబడి పోగవుతుంది. వాయువు చల్లబడకపోతే మాత్రం నక్షత్రాలు పుట్టవు. కన్య గెలాక్సీ గుచ్ఛంలోని ఎమ్ 87 అనే గెలాక్సీలో వాయువు పుష్కలంగానే ఉన్నా అది చాలావరకు కోటి డిగ్రీలు దాటి కాగుతోంది. అక్కడ కొత్త నక్షత్రాలు దాదాపు లేవు.