గజం ఎంత?

బెంగళూరు దొమ్మలూరు దగ్గర మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కనిపిస్తుంది. మొన్న నరసరావుపేట నుంచి వచ్చిన మా మావగారికి, నా సొంత పొలంలాగా, గర్వంగా చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఆ పచ్చికంతా ఈ చివర నుంచి ఆ చివరకి చూశారు. ‘‘బాబూ, ఇక్కడ గజం ఎంత పలుకుతుంది?’’ అన్నారు.

నవ్వకండి. గోల్ఫులో దూరాలు కొలిచేదీ గజాల్లోనే. 22 గజాల పిచ్చు కోసమే ఇంత పిచ్చెక్కిపోయిన జాతి, బంతిని పడెయ్యాల్సిన 18 గుంటలకూ కలిపి సుమారు 7,000 గజాలుండే ఆటను ఇన్నాళ్ళూ ఎలా వదిలేసిందో చరిత్రకారులే తేల్చాలి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ గోల్ఫులో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచిన పొద్దున, నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చుని, గోల్ఫులో ‘పట్’ అంటే ఏమిటని ఫోన్లో వెతికినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోజే నిశ్చయించుకున్నాను, క్లబ్బులో చేరాలని.

చేరడమంటే డబ్బు కట్టడం అనుకున్నాను. కాదట. పాత సభ్యుడొకరు మన పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆపైన కమిటీవారు మనల్ని చూడాలి. అచ్చంగా పెళ్ళిచూపులే. కాకపోతే అక్కడ పెళ్ళికొడుక్కి కాఫీ ఇస్తారు, ఇక్కడ పెళ్ళికొడుకే ఊరందరికీ కాఫీలు పోయించాలి. మా పై ఆఫీసరు ఒకాయనకి ఏడాదిగా పోయిస్తున్నాను. ‘‘చూద్దాం’’ అంటాడు. సంబంధాల భాషలో ‘చూద్దాం’ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. సంబంధం కుదిరినా వెయిటింగ్ లిస్టు ఉండనే ఉంది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ పుట్టింది 1876లో. అంత వయసున్న సంస్థకి మన తొందర ఏం అర్థమవుతుంది?

ఇక ప్రవేశ రుసుము లక్షల్లో ఉంటుంది. దాని మీద జీఎస్టీ 18 శాతం. గుంటలూ 18, పన్నూ 18. ప్రభుత్వానికి ఆట తెలియదని ఇంకెవరూ అనకండి.

ఒకసారి ఆ ఆఫీసరే అతిథిగా ఒక క్లబ్బుకు తీసుకెళ్ళాడు. గేటు దాటాను, పోర్టికో దాటాను. మూడో మెట్టు మీద ఒక పెద్దమనిషి నా మెడకేసి చూసి ఆగిపోయాడు. గుండ్రటి మెడ టీ షర్టు! కాలరు లేనిదే ప్రవేశం లేదట. పక్క గదిలోనే కాలరున్నవి అమ్ముతారట. కొన్నాను. మా పెళ్ళి పట్టుచీర ధర దానికన్నా నయం. ఇంటికొచ్చాక మా ఆవిడ దాన్ని ఉతకనివ్వలేదు. రంగు పోతే మళ్ళీ కొనలేం అంది.

అయినా ఆ ఆటలో గొప్ప సుగుణాలున్నాయి. చేతగానితనానికి హ్యాండీక్యాప్ అని ఒక అంకె ఇచ్చి గౌరవిస్తారు, 54 దాకా. మా ఆఫీసు అప్రైజల్లో అంకెలు ఐదుతోనే ఆగిపోతాయి. ఒక్క నియమమే మింగుడు పడలేదు: పోయిన బంతి కోసం 3 నిమిషాలకు మించి వెతక్కూడదు. ప్లాటు హద్దురాయి కోసం మూడేళ్ళు వెతికిన వంశం మాది.

మావగారు గజం ధర అడిగిన ఆ సాయంత్రమే ఆయన్ని ఒక డ్రైవింగ్ రేంజికి, అంటే గోల్ఫు బంతులు కొట్టడం సాధన చేసే చోటికి, తీసుకెళ్ళాను. అక్కడ సభ్యత్వం అడగరు, బుట్టెడు బంతులకు డబ్బు కడితే చాలు. ఆయన పంచె ఎగ్గట్టి, బిళ్ళంగోడు ఆడినట్టు ఒక్కటిచ్చారు. బంతి ఎక్కడో పడింది.

‘‘ఎంత పోయింది?’’

‘‘నూట యాభై గజాలుంటుందండీ.’’

ఆయన మనసులో ఏదో లెక్క వేసుకున్నారు. ‘‘ఆ క్లబ్బు సభ్యత్వం, పిల్లల పేరున రాయొచ్చా?’’

‘‘మామూలుగా కుదరదండీ.’’

‘‘అమ్ముకోవచ్చా?’’

‘‘ఊహూఁ.’’

ఇంకో బంతి కొట్టారు. ఈసారి కాస్త పక్కకి పోయింది.

‘‘పోనీ, ఆ వెయిటింగ్ లిస్టులో నంబరైనా అమ్మొచ్చేమో కనుక్కో.’’